‘ధైర్యంగా ఉండండి’ అంటే సరిపోతుందా?

క్యాన్సర్ అని తేలిన ఇంట్లోకి అడుగుపెట్టే ప్రతి మనిషీ మొదట అనే మాట ఒకటే. ‘ధైర్యంగా ఉండండి.’ డాక్టరు గారు అంటారు, నర్సమ్మ అంటుంది, పరామర్శకు వచ్చిన బంధువులు అంటారు, జుమా నమాజు ముగిశాక మసీదు మెట్ల మీద కలిసిన మిత్రులు అంటారు. మాట మంచిదే. అన్నవారి మనసూ మంచిదే. కాని ధైర్యంగా ఎలా ఉండాలో మాత్రం ఎవరూ చెప్పరు. అందరూ లేచి వెళ్లిపోయాక, దీపం ఆర్పాక, గుండె దడదడలాడుతూ పైకప్పు కేసి చూస్తూ పడుకునేది ఆ రోగి ఒక్కరే.

జ్వరంతో మూలుగుతున్నవాడికి ‘జ్వరం తగ్గించుకో’ అని సలహా చెప్పి వెళ్లిపోయే మనిషిని మనం వింతగా చూస్తాం. మాత్ర ఇవ్వాలి, నుదుటి మీద తడిగుడ్డ వేయాలి, గంజి కాచి పెట్టాలి. మరి భయంతో ఉన్న మనిషికి ‘భయపడకు’ అన్న ఒక్క మాట చాలునని ఎందుకు అనుకుంటున్నాం? భయానికీ చేయవలసిన ఉపచారం ఉంది. ఊపిరిని నెమ్మదింపజేయడం, బిగుసుకున్న కండరాలను సడలించడం, చెదిరిన మనసును ఒకచోట నిలపడం అనే పద్ధతులు ఉన్నాయి. వాటికి ఖర్చు లేదు, యంత్రాలు అక్కర్లేదు, చదువు అక్కర్లేదు. నేర్పేవారు కావాలి, రోజుకు పావుగంట తీరిక కావాలి. ఈ రెండూ రోగికి అందేలా చూడటం ఆసుపత్రి బాధ్యతే కాదు, కుటుంబ బాధ్యత కూడా అన్నది ఈ వ్యాసం వాదన.

ఇది కొద్దిమంది సమస్య కాదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ అంచనా ప్రకారం 2022లో మన దేశంలో సుమారు 14 లక్షల మందికి కొత్తగా ఈ వ్యాధి బయటపడింది. మహిళల్లో రొమ్ము క్యాన్సర్ అన్నిటికన్నా ఎక్కువ. పురుషుల్లో పొగాకు, గుట్కాల పుణ్యమా అని నోటి క్యాన్సర్లు ముందు వరుసలో ఉన్నాయి. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ మొదలైన తర్వాత ఆపరేషన్, కీమో, రేడియేషన్ పేదవాడికి కొంతవరకు అందుబాటులోకి వచ్చాయి. గడ్డకు చికిత్స దొరుకుతోంది. ఆ గడ్డను మోస్తున్న మనిషి భయానికి మాత్రం ఇంకా దొరకడం లేదు.

భయం ఒంట్లోనూ ఉంటుంది

భయం అనేది మనసులోని ఊహ మాత్రమేనని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ప్రమాదం ఎదురైందని మెదడు గ్రహించిన మరుక్షణం శరీరం యుద్ధానికో, పరుగుకో సిద్ధమవుతుంది. అడ్రినలిన్ రక్తంలోకి విడుదలవుతుంది. గుండె వేగం పెరుగుతుంది. ఊపిరి పొట్టలోంచి కాక ఛాతీ పైభాగం నుంచి, గబగబా వస్తుంది. మెడ, భుజాలు, దవడలు బిగుసుకుంటాయి. అరచేతులు చల్లబడతాయి, నోరు ఎండుతుంది, ఆకలి చచ్చిపోతుంది. పాము కనబడినప్పుడు ఈ ఏర్పాటు మనిషిని కాపాడుతుంది. పాము వెళ్లిపోగానే శరీరం సర్దుకుంటుంది. కాని క్యాన్సర్ చికిత్స నెలల తరబడి సాగుతుంది. పాము గదిలోనే ఉన్నట్టు శరీరం రాత్రింబవళ్లు కాపలా కాస్తుంది. నిద్ర పోతుంది, నొప్పి రెట్టింపుగా తెలుస్తుంది, చిన్న మాటకే కన్నీరో, కోపమో వస్తుంది.

గుండెను ‘నెమ్మదిగా కొట్టుకో’ అని మనం ఆజ్ఞాపించలేం. అయితే ఊపిరి మాత్రం మన చెప్పుచేతల్లోకి కొంత వస్తుంది. గాలి పీల్చినప్పుడు గుండె వేగం కొద్దిగా పెరుగుతుంది, విడిచినప్పుడు కొద్దిగా తగ్గుతుంది. అందుకే విడిచే ఊపిరిని పొడిగిస్తే, మెదడు నుంచి గుండె దాకా వెళ్లే వేగస్ అనే నాడి ద్వారా శరీరానికి ‘ప్రమాదం తప్పింది’ అన్న కబురు అందుతుంది. కండరాల సంగతీ అంతే. పిడికిలి విప్పిన మనిషి పిడికిలి బిగించినంత కోపంగా ఉండలేడు. మనసును నేరుగా పట్టుకోలేనప్పుడు శరీరం అనే తలుపు తీసి లోపలికి వెళ్లడమే ఈ పద్ధతుల రహస్యం.

అమెరికాలో ఎడ్మండ్ జేకబ్‌సన్ అనే వైద్యుడు ఈ విషయాన్నే ఏళ్ల తరబడి పరిశోధించి, కండరాలను వరుసగా సడలించే పద్ధతిపై 1929లో పుస్తకం ప్రచురించాడు. హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన హృద్రోగ నిపుణుడు హెర్బర్ట్ బెన్సన్ 1975లో, నెమ్మది ఊపిరితో ఒకే మాటను మళ్లీ మళ్లీ తలుచుకోవడం వల్ల శరీరంలో భయానికి సరిగ్గా వ్యతిరేకమైన స్పందన కలుగుతుందని వివరించాడు. 1979లో జాన్ కబాట్-జిన్ మసాచుసెట్స్ వైద్య కళాశాలలో దీర్ఘరోగుల కోసం ఇలాంటి శిక్షణను మొదలుపెట్టాడు. న్యూయార్క్‌లోని స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ ఆసుపత్రిలో జిమ్మీ హాలండ్ అనే మానసిక వైద్యురాలు క్యాన్సర్ రోగి మనసును పట్టించుకోవడమే ఒక ప్రత్యేక వైద్యశాఖగా తీర్చిదిద్దింది. 2023లో అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం మరొక సంఘంతో కలిసి వెలువరించిన మార్గదర్శకాలలో, చికిత్స కాలంలో కలిగే ఆందోళనకూ, కుంగుబాటుకూ ఒళ్లు సడలించే పద్ధతులను సిఫారసు చేసింది. కనుక ఇది ఎవరో చెప్పిన చిట్కా వైద్యం కాదు.

చేసే విధానం

మొదటిది ఊపిరి. వెల్లకిలా పడుకుని గాని, కుర్చీలో వెనక్కు ఆనుకుని గాని ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకోవాలి. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెట్టేంత సేపు గాలి పీల్చాలి. పొట్ట మీది చెయ్యి పైకి లేవాలి. తర్వాత ఆరు అంకెలు లెక్కపెట్టేంత సేపు మెల్లగా విడవాలి, వేడి చాయ్ చల్లార్చుకోవడానికి ఊదినంత సున్నితంగా. అయిదు నిమిషాలు చాలు. ఊపిరి బిగపట్టనక్కర్లేదు. తల తిరిగితే ఆపి, మామూలుగా ఊపిరి తీసుకోవాలి. ఊపిరితిత్తుల్లో నీరు చేరినవారు, ఆయాసం ఉన్నవారు లెక్కల జోలికి పోకుండా, విడిచే ఊపిరిని తమకు వీలైనంత నిదానంగా విడిస్తే చాలు.

రెండవది జేకబ్‌సన్ పద్ధతి. పాదాలతో మొదలుపెట్టాలి. పాదాల వేళ్లను అయిదు సెకన్లపాటు ముడిచి బిగించాలి, ఆపైన ఒక్కసారిగా వదిలెయ్యాలి. వదిలినప్పుడు కలిగే సుఖాన్ని పది పదిహేను సెకన్లు గమనించాలి. తర్వాత పిక్కలు, తొడలు, పిడికిళ్లు, భుజాలు, దవడ, కనుబొమలు. బిగింపుకు, సడలింపుకు ఉన్న తేడా శరీరానికి తెలియజెప్పడమే ఇందులోని పాఠం. అయితే ఆపరేషన్ జరిగిన చోటును, గాయం మానని చోటును, వాపు ఉన్న చేతిని, వ్యాధి ఎముకలకు పాకిన భాగాన్ని బిగించకూడదు. ఆ భాగాన్ని వదిలేసి మిగతావి చేసుకోవచ్చు. ఏది వదలాలో డాక్టరు గారిని ఒక్క మాట అడగాలి.

మూడవది ఊహ. కళ్లు మూసుకుని తనకు ఇష్టమైన చోటును తలుచుకోవడం. చిన్ననాటి నానీ ఇంటి వాకిలి, వేసవి సెలవుల్లో మామిడి తోట, కృష్ణ ఒడ్డున సాయంత్రపు గాలి, ఏదైనా కావచ్చు. అక్కడి రంగులు, వాసనలు, చప్పుళ్లు ఒక్కొక్కటిగా గుర్తు తెచ్చుకోవాలి. కొందరికి కళ్లు మూసుకుంటే భయం ఎక్కువవుతుంది. అలాంటివారు కళ్లు తెరిచి, కిటికీలోంచి కనిపించే ఒక కొమ్మనో, గోడ మీద ఒక గుర్తునో చూస్తూ ఊపిరి మీద ధ్యాస పెట్టుకోవచ్చు. నాలుగవది వినికిడి. మనసుకు హాయినిచ్చే స్వరం, ఖిరాఅత్ కావచ్చు, నాత్ కావచ్చు, పాత పాట కావచ్చు, తక్కువ శబ్దంతో వినడం.

ఒక మాట గుర్తుంచుకోవాలి. ఈత నీళ్లలో పడ్డాక నేర్చుకునేది కాదు. మనసు కొంత నెమ్మదిగా ఉన్న రోజుల్లో, రోజుకు రెండుసార్లు, పదేసి నిమిషాలు సాధన చేసిన వారికే సూది గుచ్చే వేళ ఇది అక్కరకు వస్తుంది. మొదటి రోజే ఫలితం కనిపించలేదని వదిలేస్తే లాభం లేదు.

ఎక్కడ పనికొస్తుంది?

కీమో తీసుకునే వారిలో కొందరికి మూడో విడతకో, నాలుగో విడతకో ఒక వింత బాధ మొదలవుతుంది. ఆసుపత్రి గేటు కనబడగానే, స్పిరిట్ వాసన తగలగానే, ఇంకా సెలైన్ పెట్టకముందే వాంతి వస్తుంది. ఇంట్లోవాళ్లు ‘ఇంకా మందు ఎక్కించనే లేదు కదా’ అని విసుక్కుంటారు. రోగి సిగ్గుతో చితికిపోతుంది. ఇది నటన కాదు, మొండితనమూ కాదు. అన్నం పెట్టే ముందు వినిపించే చప్పుడుకే కుక్క నోట్లో నీరూరుతుందని రష్యా శాస్త్రజ్ఞుడు పావ్‌లోవ్ చూపించాడని బడిలో చదువుకున్నాం. మందునూ వాంతినీ ఒకసారి జతగా చూసిన శరీరం, ఆ మందు ఇచ్చే చోటును చూసినా అలాగే స్పందిస్తుంది. అమెరికాలోని రోచెస్టర్‌కు చెందిన గ్యారీ మారో 1982లో ప్రచురించిన అధ్యయనంలో ఇలాంటి రోగులకు కండరాల సడలింపు నేర్పారు. సడలిన స్థితిలోనే ఆసుపత్రికి బయలుదేరడం, గేటు, వార్డు, సూది అంటూ ఒక్కో మెట్టూ ఊహించుకోమన్నారు. ఆ శిక్షణ పొందినవారికి ముందస్తు వాంతులు తగ్గాయి. మందుతో తేలిగ్గా లొంగని బాధకు అభ్యాసం పనిచేసిందన్నమాట.

నోటి క్యాన్సర్, గొంతు క్యాన్సర్ వచ్చినవారికి రేడియేషన్ ఇస్తారు. మన పల్లెల్లో ‘కరెంటు పెట్టడం’ అంటారు దీనిని. వారానికి అయిదు రోజుల చొప్పున ఆరేడు వారాలు. తల కదలకుండా ఉండేందుకు, వేడినీటిలో మెత్తబరచిన ప్లాస్టిక్ జల్లెడను ముఖం మీద అచ్చుగా పోసి మాస్కు చేస్తారు. రోజూ ఆ మాస్కును ముఖానికి తొడిగి బల్లకు బిగిస్తారు. గదిలో ఎవరూ ఉండరు. ఉండేది కొద్ది నిమిషాలే అయినా సమాధిలో పెట్టినట్టుందని బెదిరిపోయేవారుంటారు. ఒకటి రెండు రోజులు వెళ్లి మానేసేవారూ ఉంటారు. చికిత్స మధ్యలో ఆగిపోతే వ్యాధికి మళ్లీ బలం వస్తుంది. మాస్కుకు రంధ్రాలున్నాయని, ఊపిరి ఆడుతుందని, సిబ్బంది కెమెరాలో చూస్తూనే ఉంటారని, చెయ్యి ఎత్తితే ఆపి లోపలికి వస్తారని ముందే చెప్పి, విడిచే ఊపిరిని లెక్కపెట్టుకోవడం నేర్పితే ఎంతోమంది ఆ బల్ల మీద నిలబడగలుగుతారు. పది నిమిషాల శిక్షణ ఒక చికిత్సను కాపాడుతుందన్నప్పుడు దానిని అదనపు సౌకర్యమని ఎలా అంటాం?

స్కానింగ్ రిపోర్టు వచ్చేదాకా గడిపే రెండు మూడు రోజులు, ఆపరేషన్ ముందు రాత్రి, తెల్లవారుజామున మెలకువ వచ్చే వేళ, ఇవన్నీ సాధన అక్కరకు వచ్చే సందర్భాలే.

దేనికి పనికిరాదు?

మేలు చెప్పినప్పుడు హద్దులూ చెప్పాలి. ఊపిరి సాధన వల్ల క్యాన్సర్ గడ్డ కరగదు. 1978లో అమెరికాలో కార్ల్ సైమన్‌టన్ తన సహచరులతో రాసిన పుస్తకం, తెల్ల రక్తకణాలు క్యాన్సర్ కణాలను ఓడిస్తున్నట్టు ఊహించుకోవాలని బోధించి ఎంతో పేరు తెచ్చుకుంది. అలా ఊహించుకుంటే వ్యాధి నయమవుతుందని రుజువు కాలేదు. డేవిడ్ స్పీగెల్ 1989లో, బృందంగా కలుసుకుని మనసు విప్పి మాట్లాడుకున్న రొమ్ము క్యాన్సర్ రోగులు ఎక్కువ కాలం జీవించారని ప్రకటించినప్పుడు లోకమంతా ఆశపడింది. 2001లో కెనడాలో జరిగిన పెద్ద అధ్యయనంలో గాని, 2007లో స్పీగెల్ స్వయంగా మళ్లీ చేసిన అధ్యయనంలో గాని ఆయుష్షు పెరిగినట్టు తేలలేదు. కెనడా అధ్యయనంలో మాత్రం రోగుల దిగులు తగ్గింది, నొప్పి బాధ తగ్గింది. బతికినన్నాళ్లు మనిషిగా, ప్రశాంతంగా బతకడం చిన్న విషయమా? ఆయుష్షు పెంచకపోతే పనికిమాలినదేనని తోసిపుచ్చడం ఎంత తప్పో, ఆయుష్షు పెంచుతుందని అమ్ముకోవడం అంతకన్నా తప్పు.

ఎందుకంటే ఆ అమ్మకం వెనుక ఒక క్రూరత్వం దాగి ఉంది. మనసు గట్టిదైతే వ్యాధి తగ్గుతుందని చెబితే, వ్యాధి ముదిరినప్పుడు తప్పు ఎవరిదవుతుంది? రోగిదవుతుంది. ‘నేను సరిగ్గా ధైర్యం తెచ్చుకోలేదు, అందుకే తిరగబెట్టింది’ అని ఒక తల్లి తనను తాను నిందించుకోవలసి వస్తుంది. ఏడ్చినందువల్ల క్యాన్సర్ పెరగదు. నవ్వనందువల్ల మందు పనిచేయకుండా పోదు. ఈ రెండు మాటలూ ప్రతి రోగికీ చెప్పాలి.

నొప్పి ఉన్నప్పుడు ‘ఊపిరి పీల్చుకో’ అని ఊరుకోవడం అన్యాయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే క్యాన్సర్ నొప్పికి మెట్ల వారీగా మందులు సూచించింది. పై మెట్టున మార్ఫిన్ ఉంది. మార్ఫిన్ వాడితే అలవాటు పడతారనే భయంతో నొప్పిని భరించమనడం తగదు. హైదరాబాద్ రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో నొప్పికీ, బాధకూ ఉపశమన చికిత్స విభాగం ఉందన్న సంగతి అవసరమైనవారికి తెలియాలి. నొప్పి తగ్గిన ఒంటికే సడలింపు సాధ్యం.

అలాగే కీమో కాలంలో 100.4 డిగ్రీల జ్వరం వస్తే అది వెంటనే ఆసుపత్రికి పరుగెత్తవలసిన సమయం. కీమోతో పాటు ఇచ్చే స్టెరాయిడ్ మందు వల్ల నిద్ర పట్టకపోవచ్చు. వాంతులు ఆగడానికి ఇచ్చే కొన్ని మందుల వల్ల ఒకచోట కూర్చోలేనంత అలజడి కలగవచ్చు. ఇవి భయం వల్ల వచ్చినవి కావు, మందు మార్చితే, వేళ మార్చితే సర్దుకునేవి. డాక్టరు గారికి చెప్పాలి. రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే, దేనిపైనా ఆసక్తి లేకపోతే, బతకడం ఎందుకన్న మాట నోట వస్తే మానసిక వైద్యుని చూపించాలి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరులో ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

మన ఇళ్లలోని సందేహాలు

మన ఇళ్లలో మరో రెండు అడ్డంకులు ఉన్నాయి. మొదటిది, భయపడటం ఈమాన్ లోపమన్న భావన. ‘అల్లాహ్ పై భరోసా ఉంటే ఈ కన్నీళ్లు దేనికి?’ అని పెద్దలు మందలిస్తారు. అందుచేత అమ్మీ తన భయాన్ని దుపట్టా కొంగులో దాచుకుంటుంది. ప్రవక్త యాఖూబ్ (అ) కుమారుని ఎడబాటుకు కుమిలి కుమిలి కంటిచూపు పోగొట్టుకున్నారు. ప్రవక్త మహనీయులు (స) పసిబిడ్డ ఇబ్రాహీం కన్నుమూసినప్పుడు కన్నీరు కార్చారు. వారి సహనానికి ఆ కన్నీరు మచ్చ తేలేదు. సహనం అంటే రాయిలా ఉండటం కాదు. గుండె దడ శరీర ధర్మం, విశ్వాసానికి కొలబద్ద కాదు. రోగికి ఉపవాసం నుంచి మినహాయింపు ఉంది, నిలబడలేనివారు కూర్చుని, కూర్చోలేనివారు పడుకుని నమాజు చేయవచ్చు. ఇంత వెసులుబాటు ఉన్నా, రంజాన్‌లో కీమో మధ్య ఉపవాసం ఉండలేకపోయానని లోలోపల నలిగిపోయేవారిని చూస్తున్నాం. ఆ అపరాధ భావనను తొలగించడం కూడా చికిత్సే. ఇంట్లోని ఆలిమ్ గాని, మసీదు ఇమామ్ గాని ఒక్క మాట చెబితే ఎంతో బరువు దిగిపోతుంది.

రెండవది, ఈ పద్ధతులు వేరే మతానికి చెందినవేమో అన్న సంకోచం. ఊపిరికి మతం లేదు. పిడికిలి బిగించి విప్పడంలో ఆరాధన ఏమీ లేదు. జేకబ్‌సన్ పద్ధతి పుట్టింది ప్రయోగశాలలో. బెన్సన్ తర్వాతి కాలంలో, మళ్లీ మళ్లీ తలుచుకునే మాట రోగి సొంత విశ్వాసానికి చెందినదైతే మరింత మేలని 1984 నాటి తన పుస్తకంలో రాశాడు. తస్బీహ్ పట్టుకుని నిదానంగా జిక్ర్ చేసుకునే అలవాటు ఉన్న మనిషికి ఈ సాధన సగం తెలిసినట్టే. అయితే జిక్ర్‌ను రక్తపోటు మందుగా కుదించనక్కర్లేదు. విశ్వాసికి అది ఆరాధన. ఒంటికి కలిగే నెమ్మది దానితో పాటు వచ్చే మేలు. చేతకాని రోజున పెదవులు కదపలేకపోతే, ఊరికే ఊపిరి గమనిస్తూ పడుకున్నా తప్పు లేదు.

కుటుంబం చేయవలసింది

రోగిని పరామర్శించడం మన సమాజంలో గొప్ప సంప్రదాయం. కాని కీమో మర్నాడు పదిమంది గదిలో చేరి, ఫలానా వారికి ఇదే రోగం వచ్చి ఎలా పోయారో వర్ణిస్తుంటే అది పరామర్శ అనిపించుకోదు. కొద్దిసేపు కూర్చోవాలి, మెల్లగా మాట్లాడాలి, దుఆ చేయాలి, లేవాలి. వీలుంటే ఒక పూట వంట చేసి పంపాలి, పిల్లలను బడి నుంచి తీసుకురావాలి.

రోజూ పావుగంట రోగికి సొంతంగా దొరికేలా ఇంట్లోవారు చూడాలి. ఇది ముఖ్యంగా మహిళల విషయం. ఆమె కీమో నుంచి వచ్చిన సాయంత్రమే ‘భాభీ, చాయ్’ అన్న కేక వినపడుతుంది. ఒళ్లు సడలించుకోమని చెప్పి వంటింట్లోకి పంపితే ప్రయోజనం ఏమిటి? టీవీ ఆపి, తలుపు దగ్గరగా వేసి, పక్కన కూర్చుని ఆమెతో పాటు ఊపిరి లెక్కపెట్టే కొడుకో, కూతురో, భర్తో ఉంటే అంతకన్నా ఏం కావాలి? సేవ చేసేవారికీ భయం ఉంటుంది. కలిసి చేస్తే ఇద్దరికీ మేలు.

ఇంకొకటి. ‘అమ్మీ, ఏం లేదు, చిన్న గడ్డే’ అని చెప్పి క్యాన్సర్ ఆసుపత్రికే తీసుకెళతాం. బోర్డు చదవలేకపోయినా పక్క బెంచీ మీది మనిషి చెబుతాడు. అబద్ధం తెలిసిన తల్లి, పిల్లలు బాధపడతారని తనకు తెలియనట్టు నటిస్తుంది. ఇలా ఇంటిల్లిపాదీ నటిస్తుంటే ఎవరి కండరాలు సడలుతాయి? ఆమె ఎంత తెలుసుకోదలచుకుంటే అంత, మెల్లగా, డాక్టరు గారి సాయంతో చెప్పడం మేలు.

ఆసుపత్రులు చేయవలసింది

జ్వరం చూసే థర్మామీటరులాగే మనోవేదనకూ ఒక థర్మామీటరు ఉంది. అమెరికా క్యాన్సర్ ఆసుపత్రుల సమాఖ్య దానిని ప్రచారంలోకి తెచ్చింది. కాగితం మీద సున్నా నుంచి పది వరకు అంకెలు ఉంటాయి. గడిచిన వారంలో ఎంత వేదన పడ్డారో రోగి చూపిస్తాడు. నాలుగు గాని, అంతకు పైన గాని చూపిస్తే మరింత వివరంగా మాట్లాడాలి. ఇందుకు పట్టేది ఒక నిమిషం. నాడి చూసినంత మామూలుగా మన ఆసుపత్రుల్లోనూ ఇది అడగాలి.

డాక్టర్లకు తీరిక లేదన్నది నిజమే. ఒక్కో రోజు ఓపీలో కనిపించే రద్దీ చూస్తే వారిని తప్పుపట్టలేం. కాని ఈ పనికి డాక్టరే అక్కర్లేదు. శిక్షణ పొందిన నర్సు, సామాజిక కార్యకర్త, చికిత్స ముగించుకున్న పాత రోగి కూడా నేర్పగలరు. డేకేర్ వార్డులో సెలైన్ సీసా ఖాళీ అయ్యేదాకా రోగులు గంటల తరబడి కూర్చుంటారు. ఆ సమయంలో పదిమందికి ఒకేసారి నేర్పవచ్చు. తెలుగులో, ఉర్దూలో పదేసి నిమిషాల రికార్డింగులు చేసి రోగుల ఫోన్లలోకి ఎక్కిస్తే ఇంటి దగ్గరా విని చేసుకుంటారు. జకాత్, సదఖా నిధులతో మందులు, రవాణా ఖర్చులు భరిస్తున్న మన సేవా సంస్థలు ఇలాంటి ఒక కార్యకర్తను ఏర్పాటు చేయడం గురించీ ఆలోచించాలి.

మందు గడ్డతో పోరాడుతుంది. ఆ మందును తట్టుకుంటూ చివరి విడత దాకా వెళ్లవలసినది మనిషి. ఆ మనిషి వణుకుతున్నప్పుడు ధైర్యం చెప్పడంతో మన బాధ్యత తీరిపోదు. ఈసారి రోగిని చూడటానికి వెళ్లినప్పుడు ‘ఏ వేళలో ఎక్కువ భయంగా ఉంటుంది?’ అని అడిగి చూడండి. వారు చెప్పేది మధ్యలో అడ్డు తగలకుండా వినండి. చేతనైతే ఆ వేళకు వెళ్లి పావుగంట పక్కన కూర్చోండి.